పాత ఫ్లాట్ అమ్మకముందే కొత్త ఫ్లాట్‌కు అడ్వాన్సా?

ప్రశ్న: మియాపూర్‌లో మాకు మూడు పడకగదుల ఫ్లాట్ ఉంది. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు, ఇంట్లో ఇద్దరమే. నాకు 58 ఏళ్లు, ఇంకో 20 నెలల్లో రిటైర్మెంట్. ఫ్లాట్‌ను రూ.1.30 కోట్లకు అమ్మి, కొల్లూరు వైపు రూ.85 లక్షల్లో రెండు పడకగదులది కొని, మిగిలే రూ.45 లక్షలతో తెనాలి దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకోవాలని ఆలోచన. ప్రీలాంచ్ రేటు (ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందు ఇచ్చే తక్కువ ధర) పోతుందని 13 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసి రూ.15 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. పాత ఫ్లాట్ ఇంకా అమ్ముడుపోలేదు, దానిపై హోమ్‌లోన్ రూ.18 లక్షలుంది. నెల ఖర్చు రూ.60 వేలు, ఎఫ్‌డీ రూ.3 లక్షలు. హోమ్‌లోన్ టాప్‌అప్‌తో (ఉన్న లోన్‌పైనే అదనంగా తీసుకునే అప్పుతో) బిల్డర్‌కు రెండో వాయిదా కట్టొచ్చా?

జవాబు: వద్దండీ, కట్టొద్దు. ఇల్లు మారే వయసులో చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ముందు ఆ 45 లక్షల సంగతి చూద్దాం. రూ.1.30 కోట్లలో హోమ్‌లోన్ 18 లక్షలు, బ్రోకర్‌కు ఒక శాతం పోతే చేతికొచ్చేది సుమారు 110 లక్షలు. కొత్త ఫ్లాట్ 85 లక్షలే అనుకుంటున్నారు గానీ, దానిమీద తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, కట్టుబడిలో ఉన్నది కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో పదిన్నర లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్, పార్కింగ్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణకు ముందే కట్టే నిధి) అన్నీ కలిపి 11 లక్షలకు తగ్గవు. చివరికి మిగిలేది నాలుగు లక్షలు కూడా కష్టమే, అది కూడా మీరనుకున్న ధరకే అమ్ముడుపోతే. తెనాలి స్థలం ఇందులో ఎక్కడుంది?

నన్ను అంతకంటే ఎక్కువ భయపెడుతున్నది మీ ఎఫ్‌డీ. పర్సనల్ లోన్ ఈఎంఐ నెలకు 34 వేల పైనే పడుతుంది. ఇంటిఖర్చు కలిపితే 94 వేలు, హోమ్‌లోన్ ఈఎంఐని పక్కన పెట్టినా సరే. జీతం ఆగిన రోజున మీ మూడు లక్షలు మూడు నెలలకు సరిపోతాయి, ఆ లోన్ మాత్రం ఆ తర్వాత కూడా మూడేళ్లకు పైగా ఉంటుంది. ఈ లోపు ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే? ఫ్లాట్ అమ్మి కడతాం అంటారు. ఫ్లాట్ ఏటీఎం కాదు కదండీ, అమ్మడానికి ఆరు నెలలో, ఎనిమిది నెలలో పట్టొచ్చు. మీ అవసరం పసిగట్టిన కొనుగోలుదారు పది లక్షలు తగ్గించి అడుగుతాడు, మీరూ ఒప్పుకుంటారు, ఎందుకంటే ఈఎంఐ తేదీ దగ్గరపడుతుంటుంది. అత్యవసర నిధి లేకపోతే జరిగే అసలు నష్టం ఇదే. కాబట్టి కొత్త ఇంటి మాట పక్కన పెట్టి, ముందు 10 లక్షలు విడిగా ఉంచుకోండి. ఫ్లాట్ అమ్మగానే మొదట తీసిపెట్టాల్సింది అదే, బిల్డర్ వాయిదా కాదు.

అమ్మకం అయ్యాకే కొనుగోలు. మధ్యలో ఆరు నెలలు అద్దెకుంటే పరువేం పోదు, పైగా రెండు గదుల ఇల్లు మీకు సరిపోతుందో లేదో కూడా తెలుస్తుంది. అమ్మకంపై వచ్చే లాభానికి (క్యాపిటల్ గెయిన్స్) పన్ను పడుతుందని బ్రోకర్లు తొందరపెడతారు, వినకండి. ఆ లాభంతో మరో ఇల్లు సమకూర్చుకుంటే పన్ను మినహాయింపు ఉంటుంది; అందుకు అమ్మిన తర్వాత కొనడానికి రెండేళ్లు, కట్టుకోవడానికి మూడేళ్లు గడువుంది. రిటర్ను వేసే గడువులోపు కొనలేకపోతే, లాభం మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసుకోవాలి. ఒట్టి స్థలం కొంటే మాత్రం మినహాయింపు రాదు, గడువులోగా ఇల్లు కట్టాల్సిందే. క్యాపిటల్ గెయిన్స్ బాండ్లు కూడా ఒక దారే, కానీ డబ్బు ఐదేళ్లు ఇరుక్కుపోతుంది.

ఆఫీసు ఆరోగ్య బీమా రిటైర్మెంట్‌తో ఆగిపోయేదైతే, సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు.

ఇక ఆ ప్రీలాంచ్ అడ్వాన్స్. రెరాలో (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నమోదు కావాల్సిన ప్రాజెక్టుకు నమోదు కాకముందే బుకింగ్ తీసుకోకూడదు. నమోదైనా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. మీరిచ్చింది 17 శాతం పైనే. ఈ రోజే రసీదు తీసి రెరా నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, వచ్చిన ప్రతి రూపాయీ పర్సనల్ లోన్‌కే కట్టండి.