ముందు 70బి సెక్షన్ చదువు

చి. సుజాతకు ఆశీస్సులు.

సహకార బ్యాంకులో కంప్యూటర్ల భద్రత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఏ పరికరాలు కొనాలని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఐటీ చట్టంలోని 70బి సెక్షన్ తీసి నిదానంగా చదువు, చిన్నదే.

సెర్ట్-ఇన్ అంటే కంప్యూటర్ల మీద దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అది 2004 నుంచే పని చేస్తున్నా, 2008 సవరణలో ఈ సెక్షన్ చేర్చిన తర్వాతే దానికి చట్టబద్ధమైన జాతీయ సంస్థ హోదా దక్కింది. ఆ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం సంస్థ చేయాల్సిన పనులు చెబుతుంది. మీ మీద బాధ్యత పెట్టేది ఆరోది. కంపెనీలనే కాదు, ‘మరే వ్యక్తినైనా’ సమాచారం అడిగే, ఆదేశించే అధికారం అందులో ఉంది. కాదంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఆ అధికారంతోనే 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు ఇచ్చారు. దాడిని గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, లాగ్‌లు, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టాలు, 180 రోజులు దాచాలి, సర్వర్ల గడియారాలు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతో కలవాలి. అందరూ 6 గంటలు చూసి కంగారుపడి గడియారాల మాట మరిచిపోతారు. నువ్వు అక్కడే మొదలుపెట్టు. శాఖలోని సర్వర్ 7 నిమిషాలు ముందు, ప్రధాన సర్వర్ 3 నిమిషాలు వెనక నడుస్తున్నాయనుకో. దొంగ 2:07కి శాఖలో చొరబడి 2:12కి ప్రధాన సర్వర్ ద్వారా డబ్బు తరలిస్తే, లాగ్‌లలో చొరబాటు 2:14కి, తరలింపు 2:09కి కనిపిస్తాయి. అప్పుడు 180 రోజుల లాగ్‌లున్నా ఏం తేలుతుంది?

6 గంటల్లో దర్యాప్తు పూర్తి చేయమని ఎవరూ అడగడం లేదు. తెలిసినంత పంపి, మిగతా వివరాలు తర్వాత ఇవ్వవచ్చు. నివేదిక నమూనా, సెర్ట్-ఇన్ ఉచిత ఫోను నంబరు 1800-11-4949, మీ సర్వర్ల జాబితా కాగితం మీద అచ్చు వేసి ఉంచు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దాడికి గురైనప్పుడు రోగుల నమోదు రోజుల తరబడి చేతిరాతతోనే సాగింది. కంప్యూటర్లో దాచిన జాబితా అలాంటి రోజున అక్కరకు రాదు. రిజర్వు బ్యాంకుకు విడిగా తెలియజేయాలని కూడా గుర్తుంచుకో.

2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించారు. నాకది ఏమాత్రం నచ్చలేదు. జనం డబ్బుకు సంబంధించిన విషయం జనానికి తెలియాలి. అందుకే ఏదైనా జరిగితే ఖాతాదారులకు మీరే నేరుగా చెప్పేలా పాలకవర్గాన్ని ఒప్పించు.

ఆ సమావేశంలోనే ఇంకొకటి అడుగు. నివేదిక పంపే అధికారం నీకు, నువ్వు సెలవులో ఉంటే మరొకరికి, రాతపూర్వకంగా ఉండాలి. శనివారం రాత్రి దాడి జరిగితే ఛైర్మన్ అనుమతి కోసం సోమవారం దాకా ఆగడం కుదరదు.

మీ పెదనాన్న