నర్సు ఉద్యోగానికి జర్మనీయా, ఐర్లాండా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఐసీయూలో పనిచేస్తోంది. తను జర్మనీ అంటోంది, బంధువులేమో ఐర్లాండ్ మేలంటున్నారు. ఎటు పంపమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు అమ్మాయి ఇంగ్లిష్ ఏపాటిదో చూడండి. సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది. ఐర్లాండ్ నర్సింగ్ బోర్డు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మొత్తం మీద 7 అడుగుతుంది, ఒక విభాగంలో మాత్రం 6.5 ఉన్నా ఒప్పుకుంటుంది. మనవాళ్లు ఎక్కువగా రైటింగ్‌లో ఆగిపోతుంటారు. వాళ్లకు ఓఈటీ (వైద్య రంగంవారి ఇంగ్లిష్ పరీక్ష) నయం. అందులో రాయాల్సింది కేస్ నోట్స్ చూసి ఒక రెఫరల్ లెటర్, వ్యాసం కాదు. మూడు విభాగాల్లో బి గ్రేడు, ఒకదాంట్లో సి ప్లస్ వస్తే చాలు.

ఆపై ఇంకా ఏం పూర్తిచేయాలో చెప్పే డెసిషన్ లెటర్ బోర్డు ఇస్తుంది. అక్కడికెళ్లి ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి, లేదా ఆసుపత్రిలో అడాప్టేషన్ (పర్యవేక్షణలో పనిచేసే శిక్షణ) చేయాలి. రిజిస్ట్రేషన్ వచ్చాక క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ అనే వర్క్ పర్మిట్‌కు అర్హత ఉంటుంది. ఆ పర్మిట్‌పై 21 నెలలు పనిచేస్తే స్టాంప్ 4కి, అంటే వర్క్ పర్మిట్ లేకుండా పనిచేసుకునే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది ఇల్లు. డబ్లిన్‌లో అద్దెకు గది దొరకడమే గగనం. మొదటి వారాల వసతి ఎవరిస్తారో ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి.

జర్మనీలో అడ్డంకి భాష. మామూలుగా జర్మన్‌లో బి1 స్థాయితో బయల్దేరొచ్చు కానీ, పూర్తి నర్సుగా లైసెన్స్ రావాలంటే దానిపై స్థాయి బి2 కావాలి. మన చదువులో తక్కువైన భాగాన్ని అక్కడి శిక్షణతోనో పరీక్షతోనో భర్తీ చేయాలి. అప్పటిదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతమే. చాలామంది కుంగిపోయేది ఈ నెలల్లోనే. నైట్ డ్యూటీలు చేస్తూ బి2 దాకా రావడానికి ఏడాదికి పైనే పట్టొచ్చు. గోథే సంస్థ పెట్టే బి1, బి2 జర్మన్ పరీక్షల్లో తప్పిన మాడ్యూల్ (విభాగం) ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పిస్తోంది, ముందు అక్కడ కనుక్కోండి. లైసెన్స్ వచ్చి మూడేళ్లు పనిచేశాక, బి1, పెన్షన్ చందాల వంటి షరతులు తీరితే శాశ్వత నివాసం అడగొచ్చు.

ఓఈటీలో బి తెచ్చుకోగలిగితే నా ఓటు ఐర్లాండ్‌కే. జర్మన్ మీద నిజంగా ఇష్టముండి, ఏడాదిన్నర ఓపిక పట్టగలిగితే జర్మనీ.

ఎటైనా సబ్జెక్టులవారీగా థియరీ, క్లినికల్ గంటలున్న ట్రాన్‌స్క్రిప్ట్ కావాలి. మార్కుల మెమోలు సరిపోవు. గంటలు లేకపోతే ఫైలు నెలల తరబడి ఆగుతుంది. కాలేజీలో ఈ వారమే దరఖాస్తు పెట్టించండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ వెరిఫికేషన్‌కూ అప్పుడే అడగండి.