థాయిలాండ్‌లో విల్లా కొనమంటున్నారు, కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 62. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ వస్తుంది. రాజమహేంద్రవరంలో సొంత ఇల్లు, అమలాపురం దగ్గర రెండెకరాల కొబ్బరి తోట ఉన్నాయి. అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉంటాడు. నేను, నా భార్య థాయిలాండ్‌లోని హువా హిన్‌లో స్థిరపడాలనుకుంటున్నాం. ఇక్కడి ఇల్లు అమ్మి అక్కడ విల్లా కొనుక్కోమని ఒక ఏజెంటు చెబుతున్నాడు. స్థలం థాయ్ కంపెనీ పేరున ఉంటుందట, అందులో 49 శాతం వాటా మాదేనట. చట్టపరంగా ఇబ్బంది ఉందా? తోట, పెన్షన్ సంగతేమిటి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. థాయిలాండ్ చట్టం ప్రకారం విదేశీయులు సాధారణంగా అక్కడ భూమికి యజమానులు కాలేరు. దాన్ని తప్పించుకోవడానికే ఈ కంపెనీ ఏర్పాటు. మిగతా 51 శాతం వాటా పేరుకు మాత్రమే థాయ్ పౌరుల దగ్గర ఉంటుంది. వాళ్లు డబ్బు పెట్టిన నిజమైన భాగస్వాములు కాదని తేలితే అది బినామీ వ్యవహారమే. భూమిని అమ్మేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు, కేసూ పెట్టవచ్చు. ఆ 51 శాతం వాళ్లు రేపు అడ్డం తిరిగితే మీరు ఏ కోర్టుకు వెళ్లి ఏమని చెప్పుకుంటారు? మీ ఒప్పందమే చట్టవిరుద్ధం.

ఏజెంటు చెప్పిన 49 శాతాన్ని ఇంకో 49 శాతంతో కలిపి చూడకండి. కాండోమినియం చట్టం కింద ఒక భవనంలోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయులు సొంత పేరున కొనుక్కోవచ్చు. అది పూర్తిగా చట్టబద్ధం. డబ్బు విదేశీ కరెన్సీలో బయటి నుంచి వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం మాత్రం తప్పనిసరి. విల్లాయే కావాలంటే 30 ఏళ్ల వరకు లీజు తీసుకోవచ్చు. మూడేళ్లు దాటిన లీజును అక్కడి భూమి కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. నన్నడిగితే మొదటి ఏడాది ఏదీ కొనకండి, అద్దెకు ఉండండి.

ఇక్కడి ఇల్లు అసలు అమ్మవద్దు. మీకు దొరికేది శాశ్వత నివాస హక్కు కాదు, ఏటా పొడిగించుకునే అనుమతి మాత్రమే. 50 ఏళ్లు నిండినవారు అక్కడి బ్యాంకులో 8 లక్షల భాట్ (థాయ్ కరెన్సీ) డిపాజిట్ గానీ, నెలకు 65 వేల భాట్ ఆదాయం గానీ చూపాలి. డిపాజిట్ దారిలో వెళితే ఆ మొత్తం పొడిగింపుకు రెండు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత వరకు కదలకూడదు. మిగతా ఏడాదంతా 4 లక్షలకు తగ్గకూడదు. భారత్ నుంచే ఓ-ఏ రకం (రిటైరైనవారికిచ్చే) వీసా తీసుకుంటే ఆరోగ్య బీమా కూడా చూపాలి. వయసు పైబడేకొద్దీ ఆ ప్రీమియం భారమవుతుంది. 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి. ఏ పనీ చేయకూడదు. పక్కింటి పిల్లలకు డబ్బు తీసుకుని లెక్కలు చెప్పినా అది పని కిందికే వస్తుంది. ఇంకొకటి, ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందని హడావిడిగా విమానం ఎక్కేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) మరిచిపోతే మీ అనుమతి అక్కడితో రద్దవుతుంది. అది విమానాశ్రయంలోనూ దొరుకుతుంది, మరవకండి.

మీ భార్యకు వేరుగా 8 లక్షలు అక్కరలేదు, మీ మీద ఆధారపడిన వ్యక్తిగా ఆమె ఉండవచ్చు. అందుకు వివాహ ధ్రువపత్రం కావాలి. మీ తరంలో చాలామంది దగ్గర శుభలేఖ, ఫొటోలు తప్ప అది ఉండదు. లేకపోతే సబ్ రిజిస్ట్రారు దగ్గర ఇప్పుడే వివాహం నమోదు చేయించి, విదేశాంగ శాఖ ధ్రువీకరణ తెచ్చుకోండి. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఇదే.

డబ్బు పంపే విషయం. భారత్‌లో నివసించే ప్రతి ఒక్కరూ ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చు. అయితే ఇలాంటి అవసరాలకు ఒక ఆర్థిక సంవత్సరంలో పంపేది 10 లక్షల రూపాయలు దాటితే పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే తీసుకునే ముందస్తు పన్ను) వసూలు చేస్తుంది. 22 లక్షలు ఒకేసారి పంపితే 2 లక్షల 40 వేలు ముందే కట్టాలి. రిటర్నులో అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

ఎప్పటివరకో తెలియకుండా ఉండిపోయే ఉద్దేశంతో దేశం విడిచారంటే ఫెమా (విదేశీ మారక) చట్టం దృష్టిలో మీరు ప్రవాసులు. బ్యాంకుకు చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) మార్పించాలి. పెన్షన్ అందులో పడుతుంది, పన్ను పోగా మిగిలింది అక్కడికి పంపుకోవచ్చు. తోట మీదే, భయం లేదు. దేశంలో నివసిస్తున్నప్పుడు సంపాదించిన వ్యవసాయ భూమిని ప్రవాసి ఉంచుకోవచ్చు. కొత్తగా పొలం కొనకూడదు, అమ్మితే భారత్‌లో నివసించేవారికే అమ్మాలి.

ఆదాయపు పన్ను లెక్క వేరు, అది మీరు ఇక్కడున్న రోజులను బట్టి ఉంటుంది. ఆ లెక్కలోనూ ప్రవాసి అయ్యాక మీ ఇల్లు అద్దెకు తీసుకున్నవారు అద్దెలో 30 శాతం, దాని మీద సెస్సు కోసి ప్రభుత్వానికి కట్టాలి. చాలామంది అద్దెదారులకు ఈ సంగతి తెలియదు, ఒప్పందంలోనే రాయించండి. థాయిలాండ్‌లో ఏడాదికి 180 రోజులుంటే అక్కడా పన్ను ప్రశ్న వస్తుంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల ఒప్పందం ఉంది కాబట్టి, ఆ ఒప్పందం తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును ఒకసారి కలవండి.

బయలుదేరేలోగా నమ్మకమైన బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ రాసి రిజిస్టరు చేయించండి. అద్దె వసూలు, పన్నులు, తోట కౌలు వరకే అధికారం ఇవ్వండి, అమ్మే అధికారం వద్దు. ఎప్పుడైనా అమ్మవలసి వస్తే బ్యాంకాక్‌లోని మన రాయబార కార్యాలయంలో సంతకం పెట్టి పంపవచ్చు. ఆ పత్రం భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ అధికారం మీ మరణంతో ముగిసిపోతుంది. కాబట్టి ఇద్దరూ విడివిడిగా, ఇద్దరేసి సాక్షులతో వీలునామా రాయండి. అక్కడి బ్యాంకు డిపాజిట్ కోసం థాయ్ చట్టం ప్రకారం ఇంకో వీలునామా అక్కడి న్యాయవాదితో రాయించి, ఒకటి మరొకదాన్ని రద్దు చేయదని రెండింటిలోనూ స్పష్టంగా పేర్కొనండి.