అల్లుడికి బ్రేకుల మీద ఒక ఉత్తరం

హనుమకొండ

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్రేక్ ప్యాడ్ల ఫొటోలు చూశాను. ఎరుపు, పసుపు, నీలం, రంగులకేం, బాగానే ఉన్నాయి. "మామా, కారును రేసు ట్రాక్ మీద నడపాలంటే వీటిలో ఏది వేయించాలి? రోజూ ఆఫీసుకు కూడా ఇదే బండి" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం విని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ అత్త చూసి నవ్వుతోంది, ఈ కాలంలో ఉత్తరాలేంటని.

నేను రేసు నడిపినవాణ్ని కాదు. ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పడుకున్నవాణ్ని. ఇక్కడి పిల్లలు కోయంబత్తూరు కరి ట్రాక్‌కో, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైకో వెళ్లొచ్చి విప్పమన్న బండ్ల ప్యాడ్లే నాకు పాఠాలు. మొన్న ఒక బండి ప్యాడ్ విప్పితే అంచంతా బూడిద రంగుకు తిరిగింది. గోరుతో గీకితే పాత సున్నంలా రాలింది. చక్రంతో పాటు తిరిగే డిస్క్ మీద నీలి మచ్చలు. ప్యాడ్లను డిస్క్‌కు అదిమే కాలిపర్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు చిట్లిపోయింది. అవి కంపెనీ ప్యాడ్లే, రోడ్డు మీద ఏ లోపమూ లేనివే. ఒక్క పూటలో అట్లా అయ్యాయి.

ఎందుకంటావా? హంటర్ రోడ్డులో నువ్వు 50లో వస్తూ సిగ్నల్ దగ్గర ఆపుతావు. ట్రాక్‌లో తిన్నటి దారి చివర 150 నుంచి 60కి దించుతావు. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది కదా, ఆ లెక్కన ఆ ఒక్క తొక్కుడు హంటర్ రోడ్డు తొక్కుడుకు ఏడున్నర రెట్లు. అదీ ఒక్కసారి కాదు, ప్రతి ల్యాపులో, అంటే ట్రాక్ చుట్టిన ప్రతిసారీ, డిస్క్ చల్లారేలోపే మళ్లీ. ఊళ్లో తిరిగేటప్పుడు డిస్క్ వేడి రెండొందల డిగ్రీల లోపే ఉంటుంది. ట్రాక్‌లో ఐదొందలు దాటొచ్చు. మామూలు ప్యాడ్‌లో పొడిని పట్టి ఉంచే జిగురు ఆ వేడికి గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్ ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య చేరిందంటే ఇక పట్టు ఉండదు.

అయితే రేసు ప్యాడే వేసేద్దాం అనుకుంటావు. ఆ సరదా ఒక కుర్రాడికి కూడా కలిగింది. ఎక్కడినుంచో అసలు సిసలు రేసు ప్యాడ్లు తెప్పించి, నాతోనే వేయించుకున్నాడు. డిసెంబరు పొద్దున, మంచు ఇంకా విడవలేదు, ట్రయల్ చూద్దామని నేనే తీశాను. కాజీపేట బ్రిడ్జి దిగుతుంటే ముందు ఆటో ఆగింది. తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం నన్ను కాదన్నట్టు పోతూనే ఉంది. రెండు కాళ్లూ పెట్టి తొక్కితే ఆటోకు జానెడు దూరంలో ఆగింది. ఆటో అతను దిగి, వెనక బంపర్ చూసుకుని, నా మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ ప్యాడ్ చెడ్డది కాదు, వేడెక్కితే గానీ పట్టదు, అంతే. ఇంటి గేటు దాటి మొదటి మలుపులో కుక్క అడ్డం వచ్చినప్పుడు దాన్ని వేడి చేసే టైము నీకెక్కడిది?

కాబట్టి నా మాట ఇది. రెండు పనులూ బాగా చేసే ఒక్క ప్యాడ్ కోసం వెతకకు. నువ్వు చెప్పినట్టు ఏడాదికి ఒకటో రెండో ట్రాక్ రోజులైతే, మధ్యరకం వీధి ప్యాడ్ వేసి, మూడు నాలుగు ల్యాపులకోసారి బండిని చల్లార్చు. అంతకంటే ఎక్కువ వెళ్తానంటే రెండు జతలు ఉంచుకో. రోడ్డుకు కంపెనీవి, డిక్కీలో ట్రాక్‌వి. ముందు చక్రాలకు మార్చడం గంటసేపటి పని. నువ్వు పంపిన ఫొటోలు ఈబీసీ అనే బ్రేకుల కంపెనీ వాళ్లవి. వాళ్లే ఎరుపును వేగంగా నడిపే రోడ్డు బండికి, పసుపును రోడ్డుతో పాటు కాస్త ట్రాక్‌కు, నీలాన్ని ట్రాక్ రోజులకు అని అమ్ముతారు. నీకు నేనైతే పసుపు దాకానే వెళ్తాను. పొడి బాగా రాలుతుంది, అల్లాయ్ వీల్స్ నల్లబడతాయి, ఒక్కోసారి కూస్తుంది. ఆ కూతకు భయపడి నా దగ్గరికి పరుగెత్తుకు రాకు.

ప్యాడ్ వెనక రేకు మీద ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలుగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిమీది పట్టు. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ. ప్యాడ్ ఎంత వేడి దాకా తట్టుకుంటుందో మాత్రం ఆ అక్షరాలు చెప్పవు, అవి చూసి మోసపోకు. వేడి హద్దు తయారీదారు ఇచ్చే కాగితంలో చూడాలి. ఏ కాగితమూ లేని అగ్గువ ప్యాడ్ జోలికి అసలు పోకు.

ఇప్పుడు నువ్వు అడగనిది చెప్తాను, ప్యాడ్ కంటే ముందు చూడాల్సిందదే. బ్రేక్ ఆయిల్, నీ కాలి బలాన్ని ప్యాడ్ల దాకా మోసేది.

తొంభైల్లో ఆదిలాబాద్ నుంచి పెళ్లివాళ్లను జీపులో ఎక్కించుకుని వస్తున్నాను. నిర్మల్ వైపు మహబూబ్ ఘాట్ దిగుతుంటే, బుద్ధి తక్కువై, గేరు మీద దించకుండా బ్రేకు మీదే దించాను. సగం దిగేసరికి పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపుకు కాలు నేలకు తగిలింది. కింద ఏమీ లేనట్టు, ఖాళీ సంచి తొక్కినట్టు. వెనక పెళ్లికూతురి మేనత్త ఏదో పాట పాడుతోంది, ఆమెకేం తెలుసు. రెండో గేరుకు దించి, పెడల్ టపటపా కొట్టి, గుట్ట వైపు మట్టిలోకి ఎక్కించి ఆపాను. అరగంట కూర్చున్నాక పెడల్ దానంతటదే వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఆయిల్ మరిగి అందులో బుడగలు లేచాయి. ఆయిల్‌ను నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. నా కాలి బలమంతా ఆ బుడగలే మింగాయి.

ఈ రెండు జబ్బులకూ తేడా నీ కాలికి తెలియాలి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది. పెడల్ మెత్తబడి లోపలికి పోతే తప్పు ఆయిల్‌ది. రెండో దానికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా లాభం లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది. డబ్బా మీద డాట్ 4 అనే గ్రేడు రాసి ఉన్నది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ తాగాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే 260, 180. మన వానాకాలాలు రెండు చూసిన ఆయిల్‌తో ట్రాక్‌కు వెళ్లడమంటే నా ఘాట్ కథ నువ్వు మళ్లీ రాయడమే. వెళ్లే ముందు వారం ఆయిల్ మొత్తం మార్చి గొట్టాల్లోని ఎయిర్ తీయిద్దాం. డాట్ 5.1 తీసుకో. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 తెచ్చేవు, అది సిలికాన్‌ది, నీ బండిలో కలవదు.

వెనక నీకు డ్రమ్ బ్రేకులు కదా, వాటిని కదపకు. ముందు ఒక్కటే మార్చితే చాలు. వెనక ఎక్కువ పట్టేలా చేస్తే మలుపులో వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి గిర్రున తిరుగుతుంది.

కొత్త ప్యాడ్ వేసిన రోజే గట్టిగా తొక్కకు. పొద్దున్నే ఊరి బయట ఖాళీ రోడ్డులో 60 నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు దించు. తర్వాత బ్రేకు తొక్కకుండా కాసేపు నడిపి చల్లార్చు. ప్యాడ్ పదార్థం డిస్క్ మీద పల్చటి పొరలా పడుతుంది, అసలు పట్టు ఆ పొరదే. ట్రాక్ ప్యాడ్‌కైతే డబ్బా మీది పద్ధతి వేరుగా ఉంటుంది, అది చదువు. వేడిగా ఉన్నప్పుడు పెడల్ మీద కాలు అదిమి ఆగితే ఆ పొర ఒకచోట మందంగా అంటుకుని స్టీరింగ్ వణుకుతుంది. జనం డిస్క్ వంగిందంటారు, చాలాసార్లు వంగింది డిస్క్ కాదు. అందుకే ట్రాక్ నుంచి వచ్చేముందు ఒక ల్యాపు బ్రేకు దాదాపు వాడకుండా తిరుగు. ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగకు. గేరులో వేసి చక్రానికి ఇటుక పెట్టు.

ప్యాడ్ సగానికి అరిగితే ట్రాక్‌కు వద్దు. రోడ్డుకైతే 3 మిల్లీమీటర్ల దాకా లాగొచ్చు, కానీ పల్చబడిన కొద్దీ వేడి నేరుగా పిస్టన్‌కు, అక్కడినుంచి ఆయిల్‌కు పోతుంది. డిస్క్ కనీస మందం డిస్క్ మీదే పోసి ఉంటుంది, అదీ కొలుస్తాను. ఇంకోటి, చెన్నై నుంచి మన ఊరికి ఆరొందల కిలోమీటర్ల పైనే, ఆ రాత్రి వాన పడొచ్చు. రోడ్డు ప్యాడ్లు అక్కడే మార్చుకుని బయలుదేరు. జాకీ, పానాలు, పిస్టన్ వెనక్కి నెట్టే సి-క్లాంప్ డిక్కీలో పెట్టుకో.

మార్చడం నీకు నేర్పాలి. ఆదివారం రా, పొద్దున్నే రా, ఎండెక్కితే షెడ్డు రేకులు కాలిపోతాయి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తున్నాను. ప్యాడ్లు మార్చినప్పుడు పిస్టన్ లోపలికి నెడతాం కదా, బండి కదిలించే ముందు పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి, గట్టిపడిందని చూసుకోవాలి. షెడ్డు పెట్టిన మొదటి ఏడాది నేను అది మరిచి రివర్స్ వేశాను. మొదటి తొక్కుడుకు ఏమీ లేదు. వెళ్లి నీళ్ల డ్రమ్ముకు కొట్టాను, మీ తాతయ్య పక్కనే కుర్చీలో పేపర్ చదువుతూ తడిసిపోయాడు. ఆ డ్రమ్ము ఇంకా వాడుతున్నాం. సొట్ట వైపు గోడకు తిప్పి పెట్టాను. వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ మామ