టేక్‌ని పట్టుకోవడం ఎలా: మేనల్లుడికి ఉత్తరం

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవి నానికి, అత్త ఆశీస్సులు.

మొన్న ఆదివారం చాప మీద కాగితాలు పరుచుకుని రెండు గంటలు కదలకుండా కూర్చున్నావు. టీ తాగుదువు రమ్మంటే లేవబోయి, "అత్తా, కాలు పట్టేసింది" అని గోడ ఆసరాగా నిలబడిపోయావు. అంతకు ముందు నుంచీ నన్ను అడుగుతున్నది ఒకటే. ఇంగ్లీషులో టేక్ (take) అనే మాటకు ఎన్ని అర్థాలు, అవన్నీ గుర్తుపెట్టుకునేది ఎలా అని. తారామణిలో మీ ఆఫీసువాళ్ళు దిద్ది పంపిన నీ అనువాదం పేజీలు చూశాను. ఎర్ర గీతల్లో సగం ఆ ఒక్క మాట కిందే ఉన్నాయి. టేక్ ప్లేస్ అని ఉన్నచోట "సమావేశం స్థలం తీసుకుంది" అని రాశావు చూడు, అక్కడ నా మనసు చివుక్కుమంది. చీకటి పడుతోందని నువ్వు వెళ్ళిపోయావు. గిన్నెలు కడుగుతుంటే నాకు తట్టింది, జవాబు నీ కాలులోనే ఉందని. ఫోన్లో చెబితే నిలవదు, అందుకే రాస్తున్నాను.

తిమ్మిరి పట్టిన కాలుని ఇంగ్లీషులో నమ్ అంటారు. చివర బి రాస్తారు, పలకరు. ఆ మాట నిమన్ అనే పాత ఇంగ్లీషు క్రియలోంచి వచ్చింది. నిమన్ అంటే తీసుకోవడం, పట్టుకోవడం. నమ్ అంటే, ఏదో వచ్చి పట్టేసినది. నువ్వు గోడ పట్టుకుని అన్న మాటే అది! చలాకీ మనిషిని వాళ్ళు నింబుల్ అంటారే, అదీ ఆ ఇంటి పిల్లే. చటుక్కున అందుకునేవాడని. జర్మన్లు ఇప్పటికీ తీసుకోవడానికి నేమెన్ అనే అంటారు. ఇంగ్లీషువాళ్ళకు సొంత క్రియ అదీ. టేక్ వాళ్ళది కాదు, బయటి నుంచి వచ్చింది.

ఎలా వచ్చిందో తెలుసుకుంటే నీకు సగం భయం పోతుంది. 793లో ఉత్తర సముద్రం మీదుగా స్కాండినేవియా నుంచి వైకింగులు వచ్చి, ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకున్నారు. 865లో పెద్ద సైన్యమే దిగింది. తర్వాత వాళ్ళు దోచుకుని పోవడం మానేసి తూర్పున, ఉత్తరాన పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. 1016కల్లా ఇంగ్లండుకు రాజయినవాడు డెన్మార్క్ వంశంవాడు కనూట్. ఇంగ్లీషూ, వాళ్ళ నార్స్ భాషా దగ్గరి చుట్టాలు కావడంతో ఒకరి మాట ఇంకొకరికి కొంత తెలిసేది. పక్కపక్క ఇళ్ళు, ఒకటే సంత, పెళ్ళిళ్ళు. ఇక మాటలు కలవకుండా ఎలా ఉంటాయి? స్కై, ఎగ్, నైఫ్, లెగ్ అన్నీ అలా చేరినవే. విండో అంటే వాళ్ళ భాషలో గాలికన్ను. ఆఖరికి దే, దెమ్ అనే సర్వనామాలు కూడా ఆ పక్కింటివాళ్ళవే. సర్వనామం అరువు తెచ్చుకోవడమంటే ఎంత కలిసి బతికి ఉండాలో ఆలోచించు. నాకది వింతగా ఉండదు. ఈ ఊళ్ళో 50 ఏళ్ళు ఉన్నాక నా తెలుగులో అరవం ఎక్కడ మొదలవుతుందో నాకే తెలియదు.

ఆ వైకింగుల టాక అనే క్రియ, మన టేక్‌కి మూలం, పాత ఇంగ్లీషు రాతల్లో 11వ శతాబ్దం చివర్లో కనిపిస్తుంది. తర్వాత కొన్ని వందల ఏళ్ళలో నిమన్‌ని నెమ్మదిగా పక్కకు నెట్టేసింది. నిమ్ అనే మాట చివరికి దొంగల భాషలో, కొట్టేయడం అనే అర్థంలో మిగిలి, తర్వాత అదీ పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. టాకకు చుట్టమైన మాట ఒకటి గోతిక్ భాషలో ఉంది, టేకన్ అని. గోతిక్ అంటే ఇంగ్లీషుకు చుట్టమే, ఇప్పుడు ఎవరూ మాట్లాడని పాత భాష. దాని అర్థం తీసుకోవడం కాదు, తాకడం. (గోతిక్ మనకు తెలిసేదే చాలావరకు 4వ శతాబ్దంలో వుల్ఫిలా చేసిన బైబిల్ అనువాదం వల్ల. మన వృత్తివాడే.) కాబట్టి ఈ క్రియ లోపల ఒక చెయ్యి ఉంది. ముందు తాకుతుంది, తర్వాత పట్టుకుంటుంది, ఆ తర్వాత తన దగ్గర ఉంచుకుంటుంది, లేదా మోసుకుపోతుంది. నువ్వు అన్నిచోట్లా ఆఖరిదాన్నే వాడుతున్నావు. తీసుకొను, తీసుకొను, తీసుకొను. ముందున్న రెండింటినీ వదిలేశావు.

మన పట్టు అనే క్రియ వాటికి సరిగ్గా సరిపోతుంది. ఇట్ టేక్స్ టు అవర్స్ అంటే రెండు గంటలు పడుతుంది. ఈ హాలు 200 మందిని టేక్ చేస్తుందంటే 200 మంది పడతారు. బట్టకు వేసిన అద్దకం డిడ్ నాట్ టేక్ అంటే రంగు పట్టలేదు. మామిడికి అంటు కట్టాక ది గ్రాఫ్ట్ టుక్ అంటే అంటు పట్టింది. అంటు అనే మాటలోనే తాకడం ఉంది చూశావా? ఈ వాక్యాల్లో ఎవరూ ఏదీ తీసుకోవడం లేదు. ఒకటి ఇంకొకదాన్ని అంటుకుని వదలకుండా ఉండటమే జరుగుతోంది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఈ మద్రాసులోనే అచ్చయింది. అందులో పట్టు దగ్గర తెరువు. మన చిన్న క్రియ ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది. పట్టుకి ఎన్ని అర్థాలో నువ్వు ఏనాడైనా లెక్కపెట్టావా? లెక్కపెట్టకుండానే నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, తాళం పట్టింది, దయ్యం పట్టింది అంటావు, ఒక్కసారీ తప్పవు. టేక్‌తో వాళ్ళకూ అంతే.

అరవం కూడా నీకు సాయపడుతుంది, ఎటూ ఈ ఊరొచ్చావు కాబట్టి. ఇక్కడ నచ్చిందనడానికి పిడిచ్చిరుక్కు అంటారు. పిడి అంటే పట్టుకో. మన పిడికిలి, పిడికెడు, కత్తి పిడి ఆ కుటుంబమే. నచ్చినది మనిషిని పట్టుకుంటుందన్నమాట. ఇంగ్లీషులో ఎవరైనా ఒక ఊరికి టేక్ టు అయ్యారంటే ఆ ఊరు నచ్చిందనే. ఇంకో చిన్నది. బస్సులో కండక్టరు "టికెట్ ఎడుత్తాచ్చా?" అంటాడు, మనం "టికెట్ తీశావా?" అంటాం. ఫోటోకి మూడు భాషల్లోనూ ఒకటే చెయ్యి, ఎడు, తీయి, టేక్. సినిమా దగ్గర మాత్రం ఇంగ్లీషు మనతో రాదు. మనం సినిమా తీస్తాం, వాళ్ళు మేక్ చేస్తారు. ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో గమనిస్తూ ఉండు. విడిపోయినచోటే తప్పులు పుడతాయి.

అర్థాల లెక్క గురించి కూడా చెబుతాను, ఎందుకంటే నీ టెన్షన్ అంతా అదే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువులో అన్నిటికన్నా పొడుగైనది సెట్ అనే క్రియ, దాదాపు 430 అర్థాలతో. ఇప్పటి కూర్పులో రన్ దాన్ని దాటి 645కి వెళ్ళింది. టేక్ కూడా ఆ పెద్దల వరసలోనిదే. ఇన్ని అర్థాలు ఏ ఇంగ్లీషువాడి తలలోనూ జాబితాగా ఉండవు. నిఘంటువు రాసేవాళ్ళు విడదీశారు కాబట్టి అన్ని అయ్యాయి. మాట్లాడేవాడికి ఉన్నది ఒక చెయ్యి, దాని పక్కన ఒక చిన్న మాట.

ఆ చిన్న మాటలే నిన్ను ముంచుతున్నాయి. ఇన్, ఆన్, ఆఫ్, అప్, ఓవర్, ఆఫ్టర్. టేక్‌ని ఒంటరిగా ఎప్పుడూ చదవకు, వెనక వచ్చే మాటతో కలిపి ఒకే క్రియగా చదువు. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక రావడం, నువ్వు మీ నాయనని టేక్ ఆఫ్టర్. టేక్ ఓవర్ అంటే పగ్గాలు తన చేతిలోకి తెచ్చుకోవడం. టేక్ ప్లేస్ అంటే జరగడం, అంతే, అక్కడ స్థలం ఊసు ఎత్తకు.

టేక్ ఇన్ గురించి మాత్రం నేను గట్టిగా చెప్పాలి. లూజుగా ఉన్న జాకెట్టును లోపలికి కుట్టి బిగించడం టేక్ ఇన్. దిక్కులేనివాళ్ళను ఇంట్లోకి చేరదీయడం టేక్ ఇన్. విన్నది బుర్రకెక్కించుకోవడం టేక్ ఇన్. మోసం చేయడం కూడా టేక్ ఇన్. నేను ఒక వారపత్రికలో అనువాదానికి చేరిన మొదటి ఏడు, ఇంగ్లీషు వార్త ఒకటి ఇచ్చారు. ఒక వితంతువు తన ఇంట్లో అద్దెకున్నాయన చేత టేకెన్ ఇన్ అయిందని ఉంది. సాయంత్రంలోగా ఇవ్వాలి. నేను "ఆయన ఆవిడను చేరదీశాడు" అని రాశాను. నిజానికి అతను ఆవిడ నగలు కాజేశాడు. రెండు పేరాల కింద పోలీసు కేసు సంగతి ఉంది. అక్కడ నాకు అయోమయంగా అనిపించినా, పైకి వెళ్ళి మళ్ళీ చూసుకోలేదు. అచ్చయింది. సంపాదకుడు నన్ను పిలిచి ఏమీ తిట్టలేదు. పేజీ నా ముందు పెట్టి, "ఇంట్లో ఉన్నది ఎవరు, ఇల్లు ఎవరిది?" అని మాత్రం అడిగాడు. ఇల్లు ఆవిడది. అద్దెకున్నవాడు ఇంటావిడను ఎలా చేరదీస్తాడు? ఆ ఒక్క ప్రశ్న నేను వేసుకుని ఉంటే, మోసపోయిన ఆవిడ కథ మోసగాడి మంచితనంగా అచ్చయ్యేది కాదు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు బాధే. అందుకే నిన్ను అడుగుతున్నాను, వాక్యంలో ఎవరు ఎక్కడున్నారో చూడకుండా టేక్‌ని ముట్టుకోకు. ముందు వాక్యం, వెనక వాక్యం, కుదిరితే పేరా చివరిదాకా చదివి వెనక్కి రా.

నీ ఇంగ్లీషు మెయిళ్ళలో కనబడే తప్పు ఇంకొకటి ఉంది. మనకు తీసుకురా, తీసుకెళ్ళు రెంటిలోనూ తీసుకో ఉంది. రావడం, పోవడం వెనకనే తెలుస్తాయి. ఇంగ్లీషులో మొదటే విడిపోతాయి. మాట్లాడేవాడి వైపు వస్తే బ్రింగ్, దూరంగా పోతే టేక్. రాసేముందు తెలుగులో అనుకో. నోటికి రా వస్తే బ్రింగ్, వెళ్ళు వస్తే టేక్. నిర్ణయానికి టేక్ అనడం మనకూ బ్రిటిషువాళ్ళకూ అలవాటే, అమెరికావాళ్ళు మేక్ అంటారు. నీ పని అమెరికా వాళ్ళకయితే అలాగే రాయి.

ఇక నువ్వు చేయాల్సిన పని. జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కట్టింది చీటీలతో. దేశమంతా చదువరులు తాము చదివిన వాక్యాన్ని చీటీ మీద ఎత్తి రాసి, పుస్తకం పేరూ ఏడాదీ వేసి పంపేవారు. అర్థం ముందు అనుకుని వాక్యం వెతకలేదు, వాక్యాలు కుప్పపోసి అర్థాలు విడదీశారు. ఆ నిఘంటువు మొదటి భాగం 1884 ఫిబ్రవరిలో వచ్చింది. లండన్‌లో బ్రౌన్ కన్నుమూసింది ఆ ఏడాది డిసెంబరులోనే. పూర్తవడానికి 1928 దాకా పట్టింది, మర్రే 1915లోనే పోయాడు. నేను ఆ పద్ధతినే నా స్థాయిలో పాటించాను. మూర్ మార్కెట్ 1985లో కాలిపోక ముందు అక్కడ పాత పుస్తకాలు కొనేదాన్ని. వాటిలో నుంచి ఎత్తి రాసిన చీటీలు ఇప్పటికీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

నీ ఫోన్లో రాసుకోకు, చేత్తో రాయి. చీటీకి ఒక్క వాక్యం. టేక్ వెనక వచ్చిన చిన్న మాట కింద గీత గియ్యి. కింద తెలుగు రాసేటప్పుడు టేక్‌కి తెలుగు వెతకొద్దు. ఆ సందర్భంలో మీ నాయనమ్మ ఏమంటుందో అది రాయి. ఆవిడ "పెళ్ళి స్థలం తీసుకుంది" అనదు కదా. 40 వాక్యాలు చాలు. తర్వాత చీటీలు నేల మీద పరిచి, తాకడం దగ్గరున్నవి ఒకవైపు, పట్టడం దగ్గరున్నవి ఒకవైపు, మోసుకుపోవడం దగ్గరున్నవి ఇంకోవైపు పెట్టు. ఎటూ చేరనివి కొన్ని మిగులుతాయి. వాటిని బలవంతంగా ఇరికించకు, పక్కన పెట్టు. నా దగ్గరా అలాంటివి ఒక గుప్పెడున్నాయి, కలిపి చూద్దాం.

మిస్టేక్ అనే మాట కూడా ఒక చీటీ మీద రాసుకో. అదీ ఆ పక్కింటివాళ్ళదే, తప్పుగా పట్టుకోవడం అని. నీ పేజీల మీద ఎర్ర గీతలకు మరీ కుంగిపోకు నాయనా. పట్టు జారింది, మళ్ళీ పట్టుకోవచ్చు.

ఈసారి చాప మీద గంటకోసారైనా లేచి నాలుగడుగులు వెయ్యి. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు చీటీలు తీసుకురా. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను, వెళ్ళేటప్పుడు హాస్టలుకు తీసుకెళ్దువు.

ఇట్లు
మీ అత్త