భాగించే ముందు సంఖ్య పుట్టుక చూడు

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

429,49,67,297 ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడానికి నీవు 3, 7, 11 అంటూ వరుసగా భాగించుకుంటూ పోతున్నావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఓపికకు సంతోషమే గానీ, దీని వర్గమూలం 65,536కు రవ్వంత పైన ఉంటుంది, అంతలోపు ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి.

చిన్న పరీక్షలు ముందు ముగించు. చివరి అంకె 7 గనుక 2, 5 పోయాయి. అంకెల మొత్తం 59 గనుక 3 పోయింది. 7, 11, 13ల లబ్ధం 1001 కాబట్టి మూడింటికీ ఒకే పరీక్ష చాలు: కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి 297 − 967 + 294 − 4 అని లెక్కిస్తే −380 వస్తుంది, దానిని ఆ మూడింటిలో ఏదీ భాగించదు. మన కోట్ల, లక్షల కామాలు ఇక్కడ అడ్డం వస్తాయి, తీసేసి రాసుకో.

ఇక భాగహారం ఆపి, ఈ సంఖ్య 2³² + 1 అని గమనించు. 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేస్తూ 1 కలిపితే పుట్టే 3, 5, 17, 257, 65537 ప్రధానాలు కావడంతో తర్వాతివీ అంతేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అది తప్పని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపాడు. దీనికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దానితో భాగించినప్పుడు 2³² అంటే −1, దాని వర్గం 1, కాబట్టి 2 ఘాతాలలో మొదటిసారి శేషం 1 మిగిలేది 64వ ఘాతం దగ్గర. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, కారణాంకం కంటే ఒకటి తక్కువైన ఘాతం దగ్గర కూడా శేషం 1 మిగలాలి, కాబట్టి ఆ ఘాతం 64 గుణిజం కావాలి, అంటే ఆ కారణాంకాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆయన ఊహను ఆయన సిద్ధాంతమే పడగొట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641, అయిదోదే తగులుతుంది.

భాగించకుండానే దీన్ని చూడవచ్చు. 641 అంటే 5 × 2⁷ + 1, అదే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపం వల్ల 641 దృష్టిలో, అంటే 641తో భాగించగా మిగిలే శేషాల లెక్కలో, 5 × 2⁷ అంటే −1, కాబట్టి దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸ అంటే 1. రెండో రూపం వల్ల 5⁴ స్థానంలో −2⁴ వేస్తే −2³² కూడా 1కి సమానమవుతుంది, అంటే 2³² + 1కి శేషం మిగలదు. ఈ నాలుగు వాక్యాలు చూడకుండా రాయగలిగేదాకా సాధన చెయ్యి.

భాగఫలం 67,00,417. ఇది ప్రధానమని నేను చెబితే నమ్మవద్దు. దీని కారణాంకాలకూ 64 నియమమే వర్తిస్తుంది, వర్గమూలం 2,588 దగ్గర ఆగుతుంది, 577 వరకు చూసేశాం. వరుసలో 1729 ఎదురైతే రామానుజన్ సంఖ్య కదా అని మురిసిపోకుండా 7 × 13 × 19 అని కొట్టివెయ్యి. మిగిలేవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113, ఏడంటే ఏడే. ఆ ఏడు శేషాలూ వచ్చే ఉత్తరంలో రాసి పంపు.

మీ తాతయ్య