"పని ఉందిరా, రాలేను"

ప్రశ్న: డిగ్రీ అయి రెండేళ్లయింది, ఉద్యోగం లేదు. నాలాంటివాళ్లం నలుగురం కలిసి మా ఒంటరితనం మీదే ప్రయోగాత్మక నాటకం వేద్దామనుకుంటున్నాం. ఎలా రాసినా ఉపన్యాసంలా వస్తోంది. సెట్టుకీ లైట్లకీ డబ్బుల్లేవు. స్క్రిప్టు పంపుతున్నాను, చూసి చెప్పండి.
- ఒక పాఠకుడు

జవాబు: స్క్రిప్టు రెండుసార్లు చదివాను. 'ఒంటరితనం' అన్న మాట మొదటి పేజీలోనే ఐదుసార్లు వచ్చింది. అన్నిచోట్లా కొట్టేయండి. మూడో పేజీలో మీరే రాసి వదిలేసిన చిన్న సంగతి ఒకటుంది. ఫ్రెండ్స్ రమ్మని ఫోన్ చేస్తే మీ కుర్రాడు జేబు తడుముకుని "పని ఉందిరా, రాలేను" అంటాడు. నాకైతే నాటకమంతా అక్కడే కనిపించింది. వాడికి మనుషులు అక్కర్లేక కాదు, బయటికెళితే అయ్యే ఖర్చుకి జంకి అబద్ధమాడుతున్నాడు. నాలుగుసార్లు అలా చెబితే పిలిచేవాళ్లు కూడా మానేస్తారు.

ఆ ఫోన్‌ని నాలుగుసార్లు మోగించండి. ప్రతిసారీ మాట అదే, గొంతు మారాలి. ఆ తర్వాత ఇక మోగదు. కాసేపు చూసి, ఫోన్ తీసి సిగ్నల్ ఉందో లేదో చూసుకుంటాడు. అక్కడ డైలాగు వద్దు.

డబ్బు గురించి టెన్షన్ పడకండి. పోలండ్ దర్శకుడు గ్రోటోవ్‌స్కీ సెట్టూ మేకప్పూ లేకపోయినా నాటకం ఉంటుందనీ, నటుడూ ప్రేక్షకుడూ లేకపోతే మాత్రం ఉండదనీ అన్నాడు. దాన్నే 'పేద రంగస్థలం' అన్నాడు. మన బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ 1970ల్లో కలకత్తాలో స్టేజీ వదిలేసి గదుల్లో, పార్కుల్లో జనం మధ్యే ఆడారు. మీకూ ఒక గది చాలు.

చివర్లో మాత్రం బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ చూపిన ఫోరం థియేటర్ పద్ధతి పెట్టండి. నాటకం ఒకసారి పూర్తిగా ఆడి, మళ్లీ మొదలుపెడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని లేచి, ఆ కుర్రాడి పాత్రలోకి వచ్చి, తామైతే ఏం చేస్తారో చేసి చూపించొచ్చు. ఎవరినీ బలవంతం చేయకండి. ఎవరికైనా ఏడుపొస్తే ఆట ఆపి పక్కన కూర్చోండి.

మా బృందం ఇలాంటి సీనే ఆడినప్పుడు వెనక వరుసలో తలొంచుకుని కూర్చున్న ఒకబ్బాయి లేచి వచ్చాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి, "డబ్బుల్లేవురా. నువ్వే ఇటు రా, ఊరికే కూర్చుందాం" అన్నాడు. అవతల ఫ్రెండ్ వేషం వేసిన మావాడికి ఏమనాలో మేం చెప్పలేదు. "వస్తున్నా" అని, నిజంగానే నడిచొచ్చి వాడి పక్కన కూర్చున్నాడు.